బ్యానర్ ఎక్స్ఛేంజా, పెయిడ్ యాడ్సా: రెండూ వాడి చూసినాక

నిమ్మలకుంట తోలుబొమ్మల ల్యాంప్‌షేడ్లు అమ్మే చిన్న సైట్ ఒకటి అనంతపురం నుంచి నడుపుతాండా. ఎక్స్ఛేంజ్ అంటే ఒక నెట్‌వర్క్ ద్వారా సైట్లోళ్లు ఒకరి బ్యానర్లు (యాడ్ బొమ్మలు) ఇంకొకరు ఫ్రీగా చూపించుకునేది, పెయిడ్ అంటే ఎవరైనా మన యాడ్ నొక్కినప్పుడల్లా డబ్బు కట్టేది. ఎక్స్ఛేంజ్ మీద నా కడుపుమంటంతా ఒక్కదానికే, మన పేజీలో ఎవరి బ్యానర్ పడుతుందో మన చేతిలో ఉండదు.

మొదట్లో బాగుందనే అందరికీ చెప్పినా, ఫ్రీ కదా. ఒకరోజు బెంగళూరు మేడమ్ ఒకావిడ, కొత్తింటి హాల్లోకి పెద్ద దీపం కావాలని బేరం దాకా వచ్చినావిడ, వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. సంజీవని కొండ మోస్తున్న హనుమంతుడి షేడ్, దాని పక్కనే మిలమిలా మెరుస్తా రమ్మీ ఆడమని బ్యానర్! కింద ఒకటే ముక్క, "ఏం సార్, ఇది నిజం సైటేనా?" ఫోన్ చేసి మేకతోలు గీకి పల్చగా చేసేది, ఉలితో ఒక్కో చిల్లు కొట్టేది, బల్బు వేస్తే ఆ చిల్లుల్లోంచి గోడ మీద వెలుతురు పడేది అంతా చెప్పినా, "సరే సార్, చూస్తాం" అనింది, ఆ మాటకి అర్థం అంగడి పెట్టినోళ్లందరికీ తెలుసు. ఎక్స్ఛేంజ్ వాళ్లకి మెయిల్ పెడితే, ఏ రకం బ్యానర్లు వద్దో చెప్పే సౌకర్యం కావాలంటే నెలనెలా డబ్బు కట్టే ప్లాన్ తీసుకోమన్నారు. ఇంగ ఫ్రీ ఎక్కడిది?

పైగా రెండుకి ఒకటి లెక్క, మన దగ్గర రెండుసార్లు వాళ్లవి చూపిస్తే మనది యాడో ఒకసారి. ఆ యాడ అని వెతికితే రింగ్‌టోన్ల డౌన్‌లోడ్ పేజీ అడుగున ఉంది, రింగ్‌టోన్ కోసం వచ్చినోడు ల్యాంప్‌షేడ్ ఎందుకు కొంటాడప్పా. ఇదే పద్ధతిలో నడిచిన లింక్‌ఎక్స్ఛేంజ్‌ని 1998లో మైక్రోసాఫ్ట్ 26.5 కోట్ల డాలర్లకి కొనింది, అప్పటి కాలం వేరు.

ఇంగ పెయిడ్‌లో నేను వాడేది సెర్చ్ యాడ్స్, జనం నెట్‌లో ఏదైనా వెతికినప్పుడు కనపడేవి. వాటిలో నాకు నచ్చింది సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్, జనం ఏం టైప్ చేసి మన యాడ్ నొక్కినారో చూపిస్తుంది. తెరిచి చూస్తే "తోలుబొమ్మలు స్కూల్ ప్రాజెక్ట్", "తోలుబొమ్మ డ్రాయింగ్ ఈజీ", ఇట్లాంటివే బారెడు లిస్ట్. పిల్లకాయల హోంవర్కుకి నేను డబ్బు కడతాండా! ప్రాజెక్ట్, డ్రాయింగ్, వీడియో, ఫ్రీ అన్నీ నెగటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలుంటే నా యాడ్ చూపొద్దని చెప్పే లిస్ట్) వేసినాక క్లిక్కులు తగ్గినాయి, అడిగేవాళ్లు మాత్రం నిజంగా కొనేవాళ్లే. అయితే బిల్లు మీద 18 శాతం జీఎస్టీ, దీపావళి ముందు క్లిక్ రేటు ఎగబాకుతుంది, యాడ్ ఆపిన రోజు ఫోనూ మోగదు.

అన్నట్టు ఎక్స్ఛేంజ్ మొత్తం తీసెయ్యలేదు. ఇంటీరియర్ పనులు చేసే ఒకాయన సైట్‌తో నేరుగా మాట్లాడుకుని ఆయన బ్యానర్ ఇక్కడ, నాది అక్కడ పెట్టుకున్నాం, మధ్యలో నెట్‌వర్క్ లేదు. దాన్నుంచి వచ్చినంత మంచి ఆర్డర్లు పెయిడ్‌లో కూడా రాలేదంటే నమ్మాల. కానీ అట్లాంటి మనిషి దొరకాల కదా.

నా సరుకు ధర వేలల్లో ఉంటుంది కాబట్టి ఒక్క షేడ్ అమ్ముడుపోయినా యాడ్ ఖర్చు గిట్టుబాటవుతుంది. వంద, రెండొందల రూపాయల వస్తువులు అమ్మేవాళ్లకి ఇదే లెక్క పనికొస్తాదని చెప్పలేను. నేనైతే దీపావళి దాకా పెయిడ్ నడిపి, ఆ పైన చేతిలో డబ్బు చూసుకుని ఆలోచిస్తా.