గుంటూరు పోస్టింగ్: రోడ్లను చూసి వెతుక్కున్న ఇల్లు

గుంటూరుకు పోస్టింగ్ అని తెలిసిన రోజు నేను అరుణాచల్ కొండల్లో ఉన్నాను. పద్నాలుగేళ్ల ఆర్మీ సర్వీసులో తెలుగు నేల మీద డ్యూటీ పడటం ఇదే మొదలు. కాలేజీల్లో ఎన్.సి.సి. పిల్లలకు డ్రిల్లు, రైఫిల్ నేర్పే పని. ఫోన్ చేసి చెప్పగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "పాపకి స్కూలు దొరుకుతుందా?" నేను మాత్రం ఆ రాత్రి మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాను. పదమూడు వేల అడుగులు దాటిన సేలా కనుమను ఎక్కి దిగిన బుల్లెట్ నాది. చదునైన డెల్టాలో, కాలువ గట్ల మధ్య దానికి పనేముంటుందా అని నిజంగానే దిగులు పడ్డాను. ఏడాది తిరిగేసరికి ఆ దిగులు పోయింది. రేపు ఇటు బదిలీ మీద వచ్చే ఫౌజీ సోదరులకు, బండి అంటే ప్రాణం పెట్టేవాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు బండి సంగతి. నల్ల ట్రంకు పెట్టెలు, గ్యాస్ పొయ్యి, పాప సైకిలు అన్నీ నాతోపాటు రైల్లో వచ్చేశాయి. బుల్లెట్‌ని మాత్రం ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అప్పగించాను. పది రోజులన్నారు, ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఒక అద్దం లేదు, ట్యాంక్ మీద అరచేయంత సొట్ట. అడిగితే ఎక్కించేటప్పుడే ఉందన్నారు. నా దగ్గర ఫొటోలు లేవు. మీరు బండి ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి, సొట్టలూ గీతలూ రసీదు మీద రాయించి సంతకం పెట్టించుకోండి. అద్దాలు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. పెట్రోలు పూర్తిగా తీసేయాలి. నా బండికి భారత్ సిరీస్ నంబరు ఉండటం వల్ల రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ తిప్పలు రాలేదు. 2021లో వచ్చిన ఈ సిరీస్ మనలాంటి బదిలీల ఉద్యోగులకు పెద్ద వరం. కొత్త బండి కొనే ఆలోచన ఉంటే ఆ నంబరే తీసుకోండి.

మొదటి వారం బెజవాడలో, రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు పొద్దున్న మాత్రమే. రాత్రంతా లారీల హారన్లు. అక్కడి నుంచి గాంధీనగర్ దగ్గరే కాబట్టి పొద్దున్నే బాబాయ్ హోటల్‌కి వెళ్లి వెన్న వేసిన ఇడ్లీ తినేవాళ్లం. మూడేళ్లు లంగర్‌లో, అంటే మా యూనిట్ వంటశాలలో, పూరీ, ఆలూ తిన్న నోటికి ఆ ఇడ్లీ ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆఫీసు గుంటూరు. అయినా చాలామంది బెజవాడలోనే ఉండమన్నారు. ఆసుపత్రులు, షాపులు, రైళ్లు అన్నీ అక్కడే, ముప్పై చిల్లర కిలోమీటర్లు రోజూ తిరిగితే ఏమవుతుందన్నారు. నాలుగు రోజులు తిరిగి చూశాను. హైవే బాగుంటుంది, టూవీలర్‌కి టోల్ లేదు. కానీ వారధి దాటి బెంజ్ సర్కిల్ చేరేసరికి సాయంత్రం ఓపికంతా హరించుకుపోతుంది. ఇళ్ల వేటలో ఇంకో భయం కూడా పట్టుకుంది. 2024 సెప్టెంబర్ వరదలో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ గండ్లు పూడ్చడానికి మన ఆర్మీ వాళ్లు కూడా వచ్చారు. అద్దె తక్కువని చూపించిన ఒక ఇంట్లో గోడ మీద నా నడుము ఎత్తున నీటి గుర్తు ఇంకా ఉంది. దాన్ని చూసి మా ఆవిడ గుమ్మం కూడా దాటలేదు.

గుంటూరులో బ్రాడీపేట చూశాం. లైన్లు, అడ్డరోడ్లు నంబర్లతో తీరుగా ఉంటాయి, దారి తప్పే పని లేదు. కానీ బండి పెట్టుకోవడానికి చోటు లేదు. చివరికి నల్లపాడు వైపు వెళ్లాం. కేంద్రీయ విద్యాలయం అక్కడే. బదిలీ మీద వచ్చే మన పిల్లలకు అడ్మిషన్‌లో ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి పాపకి ఏడాది మధ్యలోనే సీటు దొరికింది. ఇంటాయన రిటైర్డు టీచరు. ముందు కాస్త తటపటాయించారు.

"మిలిటరీ వాళ్లంటే గౌరవమే బాబూ. కానీ రేపు పొమ్మంటే ఎల్లుండి వెళ్లిపోతారు. మళ్లీ నేను టులెట్ బోర్డు కట్టుకోవాలి."

"వెళ్లేముందు నా చోటుకి వచ్చేవాణ్ని మీకు పరిచయం చేసే వెళ్తాను మాస్టారూ" అన్నాను.

ఆ మాటకి నవ్వి, మూడు నెలల అడ్వాన్సు రెండుకి తగ్గించారు. బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, తాగడానికి క్యాన్ తెప్పించుకుంటాం. గేటు లోపల వేపచెట్టు కింద బుల్లెట్‌కి నీడ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. ఆ గేటు దాటి ఊరి ట్రాఫిక్‌లో పడకుండానే నరసరావుపేట రోడ్డు ఎక్కేయొచ్చు. బెజవాడలో ఉంటే ఆదివారం తెల్లవారుజామున మొదటి గంట ఊరు దాటడానికే సరిపోయేది.

ట్యాంక్ సొట్ట తీయించడానికి మాత్రం బెజవాడ ఆటోనగర్‌కే వెళ్లాను. అక్కడ దొరకని పార్టు, చేతకాని పని ఉండవని అందరూ అంటారు, అది నిజమే. ఒక షెడ్డులో సొట్ట, రెండో షెడ్డులో రంగు, మూడో చోట సీటు, అన్నీ సాయంత్రానికి అయిపోయాయి. ధర ముందే మాట్లాడుకోండి. రోజువారీ సర్వీసుకి గుంటూరులోని చిన్న మెకానిక్కే మేలు. "అన్నా, చైన్ లూజుగా ఉంది, ఘాట్ ఎక్కేముందు బిగిద్దాం" అని నేను అడగకముందే చెప్పే మనిషి దొరికాడు.

ఇక రోడ్లు.

కొత్తగా వచ్చినవాళ్లు కొండవీడుతో మొదలుపెట్టండి. ఫిరంగిపురం వైపు అరగంట దూరం. రెడ్డి రాజుల కోట, 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నది. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. మలుపులు బిగువుగా ఉంటాయి, రెండో గేర్లో ఓపిగ్గా ఎక్కాలి. కింద చెక్‌పోస్ట్ దగ్గర టికెట్. పైన చెరువుల పక్కన కూర్చుంటే కింద మిరప, పత్తి చేలు దుప్పటి పరిచినట్టు కనిపిస్తాయి. తినడానికి ఏమీ దొరకదనుకుని అన్నీ తీసుకెళ్లండి. కోటప్పకొండ ఇంకొంచెం దూరం, నరసరావుపేట దాటాక. ఏ వైపు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయని, ఆ కొండ మీద కాకి వాలదని అంటారు. ఘాట్ రోడ్డు వెడల్పుగా, బాగుంది. కుటుంబంతో వెళ్లడానికి నా దృష్టిలో అదే మేలైనది. కోతుల చేతికి మాత్రం కవరు చిక్కనివ్వకండి.

నా మనసు నిలిచిపోయిన దారి పల్నాడుది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా కారంపూడి, మాచర్ల, సాగర్. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొడితో రోడ్డు పక్క చెట్లు కూడా తెల్లగా ఉంటాయి, సిమెంటు లారీలు వరసగా నడుస్తాయి. అక్కడ తొందర పడొద్దు, హెల్మెట్ అద్దం దించుకోండి. ఆ తర్వాత ట్రాఫిక్ పలచబడి, నల్లరాతి గుట్టలు, కంది చేలు, నిటారైన రోడ్డు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధంలో చనిపోయినవాళ్ల ఆయుధాలను అక్కడ ఇప్పటికీ పూజిస్తారు. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడు, కులం అడగకుండా అందరూ ఒకే వరసలో కూర్చుని తింటారు. మా లంగర్లో పద్నాలుగేళ్లుగా నేను తిన్నది అలాంటి కూడే. ఎవరిదే ఊరైనా, ఏ మతమైనా ఒకే గరిటె. సరిహద్దులో పోయిన మా వాళ్లిద్దరి ముఖాలు గుర్తొచ్చాయి. బూట్లు విప్పి చాలాసేపు ఆ ఆయుధాల ముందు నిలబడ్డాను. సాగర్ చేరేసరికి ఆలస్యమైంది, నాకేమీ బాధ అనిపించలేదు.

సాగర్‌కి పదకొండు కిలోమీటర్ల ఇవతల ఎత్తిపోతల. చంద్రవంక నీళ్లు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి పడతాయి. వానలు బాగా పడిన ఆగస్టు, సెప్టెంబర్లలోనే వెళ్లండి, వేసవిలో వెళ్లి నిరాశపడకండి. రాత్రి టూరిజం శాఖ హరిత హోటల్లో ఉన్నాం. గది పెద్దది, కిటికీలోంచి చూపు హాయిగా సాగుతుంది. భోజనం మామూలే. ఆ డబ్బుకి కుటుంబంతో ఉండటానికి సరిపోతుంది. ఒంటరిగా బండి మీద వెళ్లేవాళ్లు తెల్లవారి బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుకోవచ్చు.

శ్రీశైలం వేరే లెక్క. వినుకొండ, మార్కాపురం, దోర్నాల, అక్కడి నుంచి యాభై కిలోమీటర్ల నల్లమల. నేను దేశంలో నడిపిన మేటి అడవి రోడ్లలో ఇదీ ఒకటని ధైర్యంగా చెబుతాను. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి గేట్లు మూసేస్తారు, సాయంత్రం దోర్నాల చేరేలా మాత్రం ప్లాన్ వేసుకోవద్దు. దోర్నాలలో ట్యాంక్ నింపుకోండి. మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో కొండముచ్చులు కూర్చుని ఉంటాయి, బస్సులు మలుపుల్లో సగం రోడ్డు తీసుకుంటాయి. హారన్ కొట్టి, ఎడమ అంచు పట్టుకుని వెళ్లాలి. బస విషయంలో దేవస్థానం గది ముందే బుక్ చేసుకోవడం ఉత్తమం. నేను వెళ్లింది కార్తీకంలో, గదులన్నీ నిండిపోయాయి. ఒక ప్రైవేటు లాడ్జిలో లోపల పార్కింగ్ అని డబ్బు తీసుకుని, అర్ధరాత్రి నా బండిని బయట వీధిలోకి తోసేశారు. తెల్లవారి లేచి చూసేసరికి గుండె ఆగినంత పనైంది. అప్పటి నుంచి ఏ లాడ్జిలోనైనా గది కంటే ముందు బండి చోటు చూస్తాను, హ్యాండిల్ లాక్‌తోపాటు చక్రానికి గొలుసు కూడా వేస్తున్నాను.

సముద్రం వైపు పెద్దగా చెప్పేదేమీ లేదు. పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక గంటన్నర. వరి చేల మధ్య చదునైన రోడ్డు, ఆదివారం జనం విపరీతం. మామూలు రోజుల్లో పొద్దున్నే వెళ్తే హాయిగా ఉంటుంది. అక్కడ వాయుసేన స్టేషన్ ఉంది, ఆ గోడల దగ్గర ఫొటోలు తీయకండి. ఒంగోలు వైపు హైవే మీద వెళ్తే కొరిశపాడు దగ్గర రోడ్డే రన్‌వే అయ్యే భాగం వస్తుంది. 2022 డిసెంబర్‌లో, తర్వాత 2024లో వాయుసేన అక్కడ ట్రయల్స్ చేసింది. అంత వెడల్పు రోడ్డు మీద యాక్సిలరేటర్ తిప్పాలని చెయ్యి లాగుతుంది. దయచేసి తిప్పకండి, పక్కన ట్రాక్టర్లు దాటుతుంటాయి.

కాలం గురించి ఒక మాట. ఏప్రిల్ నుంచి జూన్ సగం వరకు తెల్లవారి నాలుగున్నరకు బయలుదేరి ఎనిమిదిన్నరకల్లా ఇంటికి రావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. సంక్రాంతి తర్వాత మిర్చి యార్డుకి వెళ్లే లారీల వెనక పడితే కళ్లు మంటలెత్తుతాయి, కళ్లజోడు తప్పనిసరి.

ఇంట్లోవాళ్లు కూడా ఇష్టపడిన దారి దివిసీమది. తెనాలి, రేపల్లె, పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి పులిగడ్డ, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం, తిరుగు ప్రయాణం కరకట్ట మీద బెజవాడ దాకా. మాఘమాసంలో వెళ్లాం. పసుపు ఉడకబెడుతున్న వాసన గట్టు పొడుగునా వచ్చింది. ఒకవైపు అరటి తోటలు, ఒకవైపు ఏరు. కరకట్ట ఇరుకు, గేదెలు, ట్రాక్టర్లు ఎదురొస్తాయి, నలభై దాటి నడపడానికి లేదు. దాటాలని అనిపించదు కూడా. మధ్యలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు వచ్చింది. రాయలవారికి ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పిన చోటు అదేనంటారు. ఊరి పేరు శ్రీకాకుళం. మాది శ్రీకాకుళం జిల్లా. పాప బోర్డు చదివి, "నాన్నా, నాన్నమ్మ వాళ్ల ఊరు వచ్చేసిందా!" అని వెనక సీటు మీద నిలబడబోయింది.

బండి ఆపి, బోర్డు పక్కన పాపని నిలబెట్టి ఫొటో తీసి అమ్మకి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏట్రా, శ్రీకాకుళం దాకా వచ్చీసి ఇంటికి రానేదేటి?"