పిల్లల పళ్లు పుచ్చుతాయని ముందే చెప్పే గుర్తుల్లో ఏది మేలు?

పన్ను పుచ్చిపోయాక కనిపెట్టడం ఎవరికైనా వచ్చు. నల్లటి గుంత పడి, రాత్రిళ్లు ఏడుపు మొదలై, బుగ్గ వాచేదాకా వచ్చాక మిగిలేది పూడ్పించడమో పీకించడమో. అంతకంటే చాలా ముందు, నోట్లోనో ఒంటి మీదో ఏది చూసి జాగ్రత్తపడాలన్నదే అసలు ప్రశ్న. ప్రచారంలో ఉన్న గుర్తులు చాలానే ఉన్నాయి గానీ అన్నీ ఒక్క తూకానివి కావు.

పక్కన పెట్టేయాల్సినవాటితో మొదలుపెడతాను. చేతివేళ్ల మీద శంఖాలున్నాయా చక్రాలున్నాయా అన్నదాన్ని బట్టి పుచ్చును ముందే చెప్పొచ్చంటూ చిన్నచిన్న అధ్యయనాలు చాలా వచ్చాయి. వాటి వెనకున్న తర్కం మరీ తీసిపారేసేది కాదు. పంటి మీది గట్టి పైపొర (ఎనామిల్), వేలి మీది పైచర్మం రెండూ పిండంలో ఒకే పొర నుంచి పుడతాయి. పాల పళ్ల ఎనామిల్ తయారీ మొదలయ్యేదీ, వేలిముద్రలు ఏర్పడేదీ ఇంచుమించు ఆ నెలల్లోనే. కాబట్టి ఒకదానికి తగిలిన దెబ్బ రెండోదాని మీదా కనిపించొచ్చన్నది వాళ్ల ఊహ. తీరా చూస్తే ఫలితాలకు పొంతన లేదు. పుచ్చుపళ్ల పిల్లల్లో ఒకరు చక్రాలు ఎక్కువంటే ఇంకొకరు శంఖాలంటారు. పోనీ నిజమే అనుకున్నా, వేలిముద్ర చూసి తల్లి చేయగలిగింది ఏముంది? ఒళ్లు, బరువు సంగతీ అంతే. లావు పిల్లల్లో పుచ్చు ఎక్కువని కొన్నిచోట్ల, సన్నటి పిల్లల్లో ఎక్కువని మరికొన్నిచోట్ల తేలింది.

పంటి రంగు చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. పచ్చగా ఉన్నంత మాత్రాన పన్ను బలహీనమైనది కాదు. ఆరేళ్లకు వచ్చే శాశ్వత పళ్లు పాల పళ్ల పక్కన పచ్చగానే కనిపిస్తాయి, వాటి స్వభావమే అంత. కొందరు పిల్లలకు చిగురు అంచు వెంబడి సన్నటి నల్లగీత వస్తుంది. అది రంగు పుట్టించే ఒక రకం బాక్టీరియా పని. చూడగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఆ గీత ఉన్న పిల్లల్లో పుచ్చు తక్కువగా ఉంటుందని చాలా పరిశీలనల్లో తేలింది. భయపెట్టాల్సింది నలుపు కాదు, తెలుపు. ఆ సంగతికి వస్తాను.

గట్టి పోటీ మూడింటి మధ్యే: పుట్టుకతో వచ్చిన ఎనామిల్ లోపం, ముందు పళ్ల మీద పాచి, చిగురు అంచున సుద్దలాంటి తెల్లగీత.

నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో ఎనామిల్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. పంటి మీద చిన్న గుంటలో, అడ్డంగా ఒక గాడో, గోధుమరంగు మచ్చలో ఉంటాయి. పాల పళ్ల ఎనామిల్ మామూలుగానే శాశ్వత పళ్లదానికంటే పలచన. అందులోనూ లోపముంటే పాచి నిలవడానికి చోటు, ఆమ్లం లోపలికి దిగడానికి దారి రెండూ దొరికినట్టే. ఈ గుర్తుకున్న గొప్ప బలం తొందర: పన్ను మొలవగానే, అంటే పుచ్చు మొదలవక ముందే కనిపిస్తుంది. రెండేళ్లు దాటాక వచ్చే చివరి పాల దవడ పన్ను మీద ఇలాంటి మచ్చలుంటే, ఆరేళ్లకు వచ్చే శాశ్వత దవడ పన్నుకూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. నాలుగేళ్ల ముందు అందే హెచ్చరిక అది. బలహీనత ఏమిటంటే, ఈ లోపం లేని పిల్లలకూ పళ్లు బోలెడు పుచ్చుతాయి. ఇది లేదని నిశ్చింతగా ఉండటానికి లేదు.

పాచి చూడటానికి చాలా అల్పమైన గుర్తు. కానీ 1994లో ఫిన్లాండ్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, 19 నెలల పిల్లల పై ముందు పళ్ల మీద కంటికి కనిపించే పాచి ఉందా లేదా అన్న ఒక్క విషయాన్ని బట్టే, మూడేళ్లకు ఎవరి పళ్లు పుచ్చుతాయో చాలామంది విషయంలో సరిగ్గా చెప్పగలిగారు. పై ముందు పళ్లే ఎందుకంటే, కింది ముందు పళ్లను నాలుక, లాలాజలం కాపాడతాయి. పై పళ్లకు ఆ రక్షణ అంతగా అందదు. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే, ఆ వేళ లాలాజలం కూడా తగ్గిపోయి, ముందు దెబ్బతినేవి అవే.

ఇక తెల్లగీత. నిజానికి ఇది జోస్యం కాదు, జబ్బు మొదటి మెట్టు. నోటిలో ఆమ్లత్వం పెరిగి, దాన్ని కొలిచే పీహెచ్ అంకె సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది, అలా కరిగిన చోటు తెల్లబడుతుంది. చూడాలంటే పిల్లను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పై పెదవి ఎత్తి, మెత్తటి పొడిగుడ్డతో పన్ను తుడిచి, వెలుతురులో చూడాలి. చిగురును ఒరుసుకుంటూ, మెరుపు లేని తెల్లటి పట్టీ కనిపిస్తే అదే. తడిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తే లోతు ఎక్కువ. తుడిచి ఆరాక మాత్రమే కనిపిస్తే ఇంకా తొలిదశ. నున్నగా మెరుస్తుంటే ఒకప్పుడు మొదలై ఆగిపోయినది కావచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే తెలుపు వేరు. అది కుడి ఎడమల ఒకే తీరుగా, పన్నంతా మబ్బుగా పరుచుకుంటుంది, చిగురునే అంటిపెట్టుకుని ఉండదు.

మూడింట్లో ఒక్కటే ఎంచుకోమంటే రెండేళ్లలోపు పిల్లలకు నా ఓటు పాచికే. తెల్లగీత నమ్మకమైనదే గానీ అది కనిపించేసరికి నష్టం మొదలైపోయింది. ఎనామిల్ లోపాన్ని మనం మార్చలేం, కాపాడుకోవడమే. పాచిని ఇవాళ సాయంత్రమే తుడిచేయొచ్చు. గుర్తూ అదే, కారణమూ అదే కావడం మిగతా రెండింటికీ లేని సౌలభ్యం. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు, ఆ తర్వాత ఆరేళ్లదాకా బఠాణీగింజంత చాలు. తెల్లగీత కనిపిస్తే మాత్రం ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా పంటి డాక్టరు దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ (పంటి మీద రాసే పూత) వేయించాలి. గుంత పడక ముందైతే పోయిన ఖనిజం చాలావరకు తిరిగి చేరుతుంది.

మూడేళ్లు దాటితే లెక్క మారుతుంది, అప్పుడు పళ్ల అమరిక చూడాలి. పాల పళ్ల మధ్య సందులుంటే అందం పోయిందని బాధపడతారు గానీ అది అదృష్టం. దవడ పళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నచోట బ్రష్ దూరదు, పుచ్చు మొదలైనా పైకి తెలియదు, చాలాసార్లు ఎక్స్‌రేలోనే బయటపడుతుంది. అలాంటి పిల్లలకు రాత్రిపూట ఫ్లాస్ దారం వాడాల్సిందే. ఆరేళ్లకు వచ్చే దవడ పళ్ల మీద గాళ్లు సన్నగా, లోతుగా ఉంటే పన్ను పూర్తిగా బయటికి రాగానే సీలెంట్ (గాళ్లను మూసే పూత) వేయించడం మేలు. ఆ పన్ను పాల పన్నేదీ ఊడకుండానే వెనకవైపు మొలుస్తుంది కాబట్టి, చాలామంది పెద్దవాళ్లు అది వచ్చిన సంగతే గమనించరు.