పాస్‌వర్డ్ ఫైలూ దాని పరివారమూ: ఏళ్ల తరబడి వాడాక

సర్వర్లలో యూజర్ ఖాతాలు చూసుకోవడం నా ఉద్యోగంలో భాగమై చాలా ఏళ్లయింది. ఎక్కువగా డెబియన్, రెడ్ హ్యాట్ తరహా లినక్స్‌లు, కొంతకాలం ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్. ఇన్నేళ్ల తర్వాత సూటిగా చెప్పాలంటే, ఖాతాల వివరాలు దాచే ఫైళ్లు చాలా బాగున్నాయి. వాటిని మార్చడానికి ఇచ్చిన కమాండ్లలోనే కొన్ని మనల్ని ముంచుతాయి.

ముందు ఫైళ్ల సంగతి. ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైల్‌లో ఒక్కో యూజర్‌కు ఒక్కో లైను, లైనుకు ఏడు గడులు, మధ్యలో కోలన్లు. పేరు, పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట ఒక ఎక్స్, యూజర్ నంబరు, గ్రూపు నంబరు, మనిషి వివరాలు, హోమ్ డైరెక్టరీ, షెల్ (లాగిన్ కాగానే కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్). అంతే. మనిషి వివరాలుండే ఐదో గడిని ఇప్పటికీ జీకాస్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో తొలినాటి యూనిక్స్ మెషీన్లు ప్రింటింగ్ పనులను జీకాస్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే కంప్యూటర్‌కు పంపేవి. దానికి కావాల్సిన ఖాతా వివరాన్ని ఈ గడిలో పెట్టేవారు. ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది, గడి ఉండిపోయింది. మెషీన్ బూట్ కాని రోజున రెస్క్యూ డిస్క్‌తో లోపలికెళ్లి, చేతికి దొరికిన ఏ ఎడిటర్‌తోనైనా ఈ ఫైల్ తెరిచి చదవొచ్చు. ఇంతకంటే పెద్ద సుగుణం నాకు అక్కర్లేదు.

ఈ ఫైల్‌ను ఎవరైనా చదవగలగాలి. లేకపోతే ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ కమాండ్ యజమానుల నంబర్ల బదులు పేర్లు చూపించలేదు. మొదట్లో పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టలేని విధంగా మార్చిన రూపం) కూడా ఇందులోనే ఉండేది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన పేపర్‌లో హ్యాష్ చేసేముందు 12 బిట్ల సాల్ట్ (ఒక యాదృచ్ఛిక విలువ) కలపడం గురించి వివరించారు. ఆ పాత పద్ధతిలో పాస్‌వర్డ్‌లోని మొదటి 8 అక్షరాలే లెక్కలోకి వచ్చేవి. కంప్యూటర్ల వేగం పెరిగేకొద్దీ హ్యాష్‌ను అందరి కళ్లముందు ఉంచడం ప్రమాదమైంది, దాంతో అది మామూలు యూజర్లు చదవలేని షాడో ఫైల్‌లోకి మారింది. ఇప్పుడు హ్యాష్ $6$తో మొదలైతే ఎస్‌హెచ్‌ఏ-512, $y$తో మొదలైతే యెస్‌క్రిప్ట్ అనే పద్ధతి వాడారని అర్థం. షాడో ఫైల్‌లో నన్ను విసిగించేది తేదీల లెక్క ఒక్కటే. అన్నీ 1970 జనవరి 1 నుంచి గడిచిన రోజులే. 19723 అని ఉంటే అది 2024 జనవరి 1 అని ఏ మనిషికి తడుతుంది? అందుకే షాడో ఫైల్ నేరుగా చూడడం మానేసి, ఈ తేదీలు చూపించే, మార్చే చేజ్ (chage) కమాండ్‌కు హైఫన్ ఎల్ ఇచ్చి చదువుతాను.

ఇక కమాండ్లకొస్తే, నా కోపమంతా ఖాతా వివరాలు మార్చే యూజర్‌మాడ్ మీదే. ఒకరిని డాకర్ గ్రూపులో చేర్చాలని హైఫన్ క్యాపిటల్ జీ పెట్టి గ్రూపు పేరు ఇచ్చారనుకోండి, అది చేర్చదు. అప్పటిదాకా ఉన్న అదనపు గ్రూపులన్నీ తీసేసి, ఈ ఒక్కటే మిగులుస్తుంది. చేర్చాలంటే పక్కన హైఫన్ ఏ కూడా ఉండాలి. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే మనిషి అడ్మిన్ హక్కులు ఇచ్చే సుడో గ్రూపులోంచి కూడా బయటపడతాడు, అదీ హెచ్చరిక లేకుండా. పైగా అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్‌లో పాత గ్రూపులే నడుస్తుంటాయి కాబట్టి విషయం మర్నాటి దాకా బయటపడదు. కొత్తవాళ్లకు నేను జీపాస్‌వర్డ్ కమాండ్‌ను హైఫన్ ఏతో వాడమని చెబుతాను. అది చేర్చడం తప్ప మరోటి చేయదు. గ్రూపులో చేర్చినా పనిచేయడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే, ఐడీ కమాండ్‌ను పేరు లేకుండా ఒకసారి, పేరుతో ఒకసారి కొట్టమనండి. మొదటిది ఆ సెషన్‌కు ఉన్న గ్రూపులు చెబుతుంది, రెండోది ఫైల్‌లో ఉన్నవి. రెండూ వేరైతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావడమే మందు.

కొత్త ఖాతా తయారుచేసే యూజర్‌యాడ్‌తో ఇబ్బంది తక్కువే. డెబియన్‌లో హైఫన్ ఎం ఇవ్వకపోతే హోమ్ డైరెక్టరీ రాదు, రెడ్ హ్యాట్ తరహా వాటిలో వస్తుంది. యాడ్‌యూజర్ డెబియన్‌లో ప్రశ్నలు అడిగే వేరే ప్రోగ్రామ్, ఫెడోరాలో యూజర్‌యాడ్‌కే మారుపేరు. స్క్రిప్టులు రాసేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.

ఖాతాకు తాళం వేయడం దగ్గర మాత్రం చాలామంది మోసపోతున్నారు. ఉద్యోగం మానేసిన వ్యక్తి ఖాతాను పాస్‌వర్డ్ కమాండ్‌కు హైఫన్ ఎల్ ఇచ్చి లాక్ చేసి, పని అయిపోయిందనుకుంటారు. అది చేసేదల్లా షాడో ఫైల్‌లో హ్యాష్ ముందు ఆశ్చర్యార్థకం పెట్టడమే. పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆగుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి పాస్‌వర్డ్ లేకుండా లాగిన్ కావడానికి వాడే తాళంచెవి ఫైల్) ఉంటే, మామూలు డిస్ట్రోల్లో పామ్ (లాగిన్ తనిఖీలు చూసే వ్యవస్థ)తో నడిచే సెటప్‌లో, దర్జాగా లోపలికి రావొచ్చు. మాన్యువల్‌లో ఈ మాట స్పష్టంగానే రాశారు, కానీ చదివేదెవరు? నిజంగా ఆపాలంటే చేజ్‌తో గడువు తేదీని 1కి మార్చి ఖాతానే ముగించాలి. ఆ తర్వాత పీకిల్‌తో ఆ యూజర్ పేరు మీద నడుస్తున్న ప్రాసెస్‌లను చంపాలి, ఎందుకంటే గడువు ముగిసినా తెరిచి ఉన్న సెషన్ దానంతటది మూసుకోదు.

ఇక ఖాతాను తీసేసే యూజర్‌డెల్. ఇక్కడే కాస్త ఆగాలి. ఫైల్ యజమాని ఎవరన్నది డిస్క్‌లో ఐనోడ్ (ఫైల్ వివరాలు దాచే రికార్డు) దగ్గర నంబరుగానే ఉంటుంది. పేరు ఇంటిముందు తగిలించిన బోర్డు లాంటిది, ఆస్తి పత్రాలన్నీ నంబరు మీదే. యూజర్‌డెల్‌కు హైఫన్ ఆర్ ఇస్తే హోమ్ డైరెక్టరీ, మెయిల్ ఫైల్ పోతాయి. మిగతా చోట్ల ఉన్న ఫైళ్లు ఆ నంబరుతోనే పడి ఉంటాయి. యూజర్‌యాడ్ మామూలుగా ఉన్నవాటిలో పెద్ద నంబరు కంటే ఒకటి ఎక్కువ ఇస్తుంది. అంటే అందరికంటే చివర చేరినవాడిని తీసేస్తే, ఆ తర్వాత వచ్చేవాడికి అదే నంబరు దక్కుతుంది. ఒకచోట కొత్తగా చేరిన కుర్రాడు చేరిన రోజే షేర్డ్ డైరెక్టరీలో తన పేరు మీద బోలెడు ఫైళ్లు చూసి బిత్తరపోయాడు. అవన్నీ మానేసి వెళ్లినవాడివి. అందుకే ఖాతా తీసేయడం నాకు ఇష్టం ఉండదు. గడువు ముగించి, షెల్‌ను లాగిన్ కానివ్వని నోలాగిన్‌కు మార్చి, లైను అలాగే ఉంచేస్తాను. తీసేయక తప్పకపోతే, ముందు ఫైండ్ కమాండ్‌కు హైఫన్ యూజర్‌తో ఆ ఫైళ్లన్నీ వెతికి కొత్త యజమానికి అప్పగిస్తాను. ఇదివరకే తీసేసినవాళ్ల ఫైళ్లు హైఫన్ నోయూజర్‌తో బయటపడతాయి.

బ్యాకప్‌లోనూ ఇదే గొడవ. రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న ఖాతాతో) టార్ బ్యాకప్ ఫైల్ విప్పేటప్పుడు అది ముందు పేర్లు సరిచూస్తుంది. రెస్క్యూ డిస్క్ మీద నుంచి విప్పితే అక్కడి పేర్లకు వేరే నంబర్లు ఉంటాయి కాబట్టి సర్వీసు ఖాతాల ఫైళ్లన్నీ తారుమారవుతాయి. న్యూమరిక్ ఓనర్ ఆప్షన్ ఇవ్వడం తప్పనిసరి.

ఫైల్‌ను చేత్తో మార్చాల్సి వస్తే వీఐపీడబ్ల్యూ వాడండి, మామూలు ఎడిటర్ వద్దు. అది తాళం వేసుకుని, కాపీని మార్చి, చివర్లో రీనేమ్‌తో ఒక్క దెబ్బకు పాత దాని స్థానంలో పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైల్ మిగలదు. టెక్స్ట్ మార్చే సెడ్ కమాండ్‌తో పనిచేసే స్క్రిప్టులు ఈ తాళాన్ని పట్టించుకోవు. అదే సమయంలో ఇంకెవరో పాస్‌వర్డ్ మార్చుకుంటే ఇద్దరిలో ఒకరి మార్పు గల్లంతు. పని అయ్యాక ఈ ఫైళ్లను తనిఖీ చేసే పీడబ్ల్యూసీకేను హైఫన్ ఆర్‌తో నడిపితే ఏమీ మార్చకుండా తప్పులు మాత్రమే చెబుతుంది. ఫ్రీబీఎస్‌డీలో అసలు ఫైల్ పేరు మాస్టర్ పాస్‌వర్డ్, దాంట్లోంచి డేటాబేస్ తయారవుతుంది. అక్కడ టెక్స్ట్ మార్చి ఊరుకుంటే ఏమీ జరగదు, వీఐపీడబ్ల్యూ అయితే ఆ డేటాబేస్‌ను కూడా తిరగరాస్తుంది. ఖాతాలను వేరే సర్వర్‌లో ఉంచే ఎల్‌డ్యాప్ లాంటివి ఉన్నచోట ఫైల్‌ను గ్రెప్ చేయడం (పేరు కోసం వెతకడం) కూడా చాలదు, గెటెంట్‌తో పేరు ఇచ్చి అడగాలి.

ఖాతాలు సరిగ్గా ఉన్నా ఫైళ్ల దగ్గర వచ్చే ఫిర్యాదులు రెండు మూడు రకాలే. చదవడానికి మాత్రమే అని పెట్టిన ఫైల్‌ను ఎవరో తీసేశారంటారు. తీసేసే హక్కు ఫైల్ మీద కాదు, డైరెక్టరీ మీద ఉంటుంది. అందరూ రాయగలిగే టీఎంపీ డైరెక్టరీలో, ఒకరి ఫైళ్లు ఇంకొకరు తీసేయకుండా ఆపే స్టిక్కీ బిట్ పెట్టింది అందుకే. డిస్క్ నిండిందని పెద్ద లాగ్ ఫైల్ తీసేసినా జాగా రాలేదంటారు. ప్రాసెస్ ఇంకా దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే బ్లాకులు విడుదల కావు. డిస్క్ మొత్తం వాడకం చెప్పే డీఎఫ్ ఒక అంకె చూపిస్తుంది, ఫైళ్ల సైజులు కూడి చెప్పే డీయూ ఇంకోటి. తెరిచి ఉన్న ఫైళ్లు చూపే ఎల్ఎస్ఓఎఫ్‌కు ప్లస్ క్యాపిటల్ ఎల్ 1 ఇస్తే ఆ దొంగ ఎవరో తెలుస్తుంది.

మూడోది టీమ్ డైరెక్టరీ. సెట్‌జీఐడీ బిట్ పెట్టి పర్మిషన్లు 2775 చేస్తే కొత్త ఫైళ్లన్నీ టీమ్ గ్రూపులోకి వస్తాయని అందరూ చెబుతారు. కొత్తవి వస్తాయి, నిజమే. కానీ అదే డిస్క్‌లో వేరే చోటు నుంచి ఎంవీ కమాండ్‌తో తెచ్చినవి పాత గ్రూపుతోనే ఉంటాయి, యూమాస్క్ (కొత్త ఫైల్‌కు ఏ హక్కులు ఇవ్వకూడదో చెప్పే అంకె) 022 ఉన్నవాడు తయారుచేసిన ఫైల్‌లో మిగతావాళ్లు రాయలేరు. నాకు చివరికి కుదిరింది సెట్‌ఎఫ్‌ఏసీఎల్‌తో డిఫాల్ట్ ఏసీఎల్ (ఎవరికి ఏ హక్కో విడిగా రాసే జాబితా) పెట్టడం. ఎంవీ బెడద దానితోనూ పోదు, కానీ ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఏసీఎల్ ఉన్న ఫైల్‌కు పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్ కొడితే మధ్య అంకె గ్రూపుకు కాక మాస్క్‌కు (ఏసీఎల్ హక్కులకు పై హద్దుకు) తగులుతుందన్న సంగతి మాత్రం టీమ్‌లో అందరికీ చెప్పి ఉంచాలి.

వీటన్నిటితో పాటు ఈటీసీకీపర్ ఇన్‌స్టాల్ చేయమంటాను. ఈటీసీ డైరెక్టరీ మొత్తాన్ని మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంచుతుంది, పర్మిషన్లతో సహా. ఆర్నెల్ల కిందట సుడో గ్రూపులో ఎవరెవరు ఉండేవారని ఆడిట్‌వాళ్లు అడిగితే ఒక్క కమాండ్‌తో జవాబు దొరుకుతుంది. షాడో ఫైల్ కూడా ఆ రిపోలోనే ఉంటుంది కాబట్టి దాన్ని బయటి సర్వర్‌కు పుష్ చేయనివ్వకండి.