బాలానగర్ షెడ్డులో తయారైన మట్టి ట్రాక్ రేసు బండి: చేయించుకోవాలనుకునేవారి కోసం ఒక సమీక్ష

మట్టి ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాక్ మీద నడిచే ఒంటి సీటు రేసు బండి, అందులోనూ నాలుగు చక్రాలూ బయటికి కనిపించే రకం కావాలంటే హైదరాబాద్‌లో షోరూముకు వెళ్లి కొనుక్కునే వీలు లేదు, చేయించుకోవాల్సిందే. ఈ ఆటకు పుట్టిల్లయిన అమెరికాలో ఐదేళ్ల పిల్లలు క్వార్టర్ మిడ్జెట్ అనే పిల్లల రేసు బండితో మొదలుపెట్టి, 600 సీసీ మోటార్‌సైకిల్ ఇంజిన్ బిగించిన మైక్రో స్ప్రింట్ బండికి, అక్కడి నుంచి ఇంకా శక్తివంతమైన మిడ్జెట్‌కు ఎదుగుతారు; తర్వాతి కాలంలో అక్కడి ప్రముఖ కార్ల రేసు పోటీ నాస్‌కార్ కప్‌లో నాలుగుసార్లు ఛాంపియన్ అయిన జెఫ్ గోర్డన్ కూడా ఐదేళ్ల వయసులో క్వార్టర్ మిడ్జెట్‌తోనే మొదలుపెట్టాడు. ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే చిలీ బౌల్ పోటీ కోసం ఒక భవనం లోపలే పావు మైలు బంకమట్టి ట్రాక్ పరుస్తారంటే, అక్కడ ఈ ఆట ఎంతగా వేళ్లూనుకుందో ఊహించవచ్చు. మన నగరం 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల రేసును చూసింది గానీ, అది తారు రోడ్డు మీది ఆట. మట్టి మీద నేర్చుకోవాలనుకునేవారికి బండి ఎవరు కట్టిస్తారన్నదే మొదటి ప్రశ్న.

నేనూ, ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకూ కలిసి బాలానగర్‌లోని ఒక షెడ్డులో చేయించుకున్నాం. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చిన ఈ పారిశ్రామిక వాడలో లేత్, మిల్లింగ్, డై పనులు చేసే చిన్న యూనిట్లు సందు సందుకూ కనిపిస్తాయి. మేము వెళ్లిన షెడ్డుకు బోర్డు కూడా లేదు. బాహా పోటీలకు (ఇంజినీరింగ్ విద్యార్థులు తామే కట్టిన బండ్లను మొరటు నేల మీద నడిపే పోటీలు) బండ్లు కట్టుకునే కాలేజీ జట్లు ఒకరికొకరు చెప్పుకోవడం వల్లనే దానికి పని వస్తోంది.

ఈ షెడ్డు పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఫ్రేము. బాహా నిబంధనల్లో రోల్ కేజ్ (బండి పల్టీ కొడితే మనిషిని కాపాడే పైపుల పంజరం) ప్రధాన పైపులకు చెప్పిన కొలత 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం. ఉక్కులో కార్బన్ కనీసం 0.18 శాతం ఉండాలి. ఖర్చు తగ్గుతుందేమోనని 2 మిల్లీమీటర్ల పైపు సంగతి అడిగితే, పని చూసే పెద్దాయన "కేజ్‌కు మూడు ఎంఎం కంటె పల్చటిది నేను పెట్టను సార్, పల్టీ కొడితె వంగుతది" అని అక్కడితో ఆ మాట ఆపేశారు. గిరాకీ పోతుందన్న భయం లేకుండా అలా చెప్పగలిగిన మనిషి చేతిలో పిల్లవాడి ప్రాణం పెట్టవచ్చని నాకు అనిపించింది. చాలాచోట్ల పైపును అడ్డంగా కోసి, ఇంకో పైపుకు ఆనించి, మిగిలిన సందును వెల్డింగ్‌తోనే పూడ్చేస్తారు. ఇక్కడ ప్రతి పైపు చివరనూ నెలవంకలా గ్రైండ్ చేసి, రెండో పైపు మీద వెలుతురు దూరనంత దగ్గరగా కూర్చోబెట్టిన తర్వాతే టిగ్ వెల్డింగ్ టార్చి వెలిగించారు. అతుకు మీద వేలితో రాసి చూశాను. ఎక్కడా గుంట గానీ, బుడిపె గానీ తగలలేదు.

వెనక ఇరుసు కూడా బాగా కుదిరింది. ఈ రకం బండ్లకు డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు, రెండు వెనక చక్రాలూ ఒకే రాడ్డు మీద కలిసి తిరుగుతాయి. ఓవల్‌లో ఎప్పుడూ ఎడమకే తిరగాలి కాబట్టి కుడి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకే కుడి వెనక టైరు చుట్టుకొలతను ఎడమదాని కంటే కొన్ని అంగుళాలు ఎక్కువగా ఉంచుతారు. ఈ సంగతి షెడ్డువారికి కొత్త. కాలేజీ బండ్లు రెండు వైపులా తిరగాలి కాబట్టి వారికి దీని అవసరం పడలేదు. అయినా చెప్పగానే పట్టుకుని, ఈఎన్ 24 రకం గట్టి ఉక్కు రాడ్డుతో 40 మిల్లీమీటర్ల ఇరుసు తిప్పించి, వేర్వేరు సైజుల టైర్లు మార్చుకునేలా హబ్‌లు (చక్రాన్ని ఇరుసుకు బిగించే భాగాలు) చేసి ఇచ్చారు. మొదట్లో పెట్టినవి ఆటో రిక్షా 4.00-8 సైజు టైర్లే, నేర్చుకునే దశకు అవి చాలు. బేరింగులూ, 428 సైజు ఛెయినూ రాణిగంజ్ నుంచి మేమే తెచ్చి ఇచ్చాం. ఇంజిన్ పాత పల్సర్ 150ది. కొత్తవారి చేతికి ఆ 14 గుర్రాల శక్తి ఎక్కువే గానీ తక్కువ కాదు, అందుకని దాని మీద డబ్బు పోయవద్దని నా సలహా.

లోపం సీటు బెల్టుల దగ్గర ఉంది, అది చిన్న లోపం కాదు. భుజం పట్టీలు భుజం ఎత్తు నుంచి దాదాపు సమతలంగా వెనక్కి పోవాలి. వీరు ఆ పట్టీలను బిగించే అడ్డపైపును సీటు అడుగుకు దగ్గరగా పెట్టారు. అలా పెడితే గుద్దుకున్నప్పుడు పట్టీ మనిషిని కిందికి లాగుతుంది, ఆ దెబ్బంతా వెన్నుపూస మీద పడుతుంది. పైగా ఇచ్చిన బెల్టు మీద ఏ ప్రమాణపు ముద్రా లేదు, తయారీ తేదీ కూడా లేదు. అడిగితే పైపు కోసి సరైన ఎత్తులో మళ్లీ అతికారు, డబ్బు అడగలేదు. బెల్టు మాత్రం మేము విడిగా, రేసు బెల్టులకు ఇచ్చే ఎస్‌ఎఫ్‌ఐ 16.1 ప్రమాణపు ముద్ర ఉన్న ఐదు పట్టీలది తెప్పించుకున్నాం. పైపు విషయంలో అంత పట్టుదల ఉన్నవారు బెల్టు విషయంలో ఇంత ఉదాసీనంగా ఉండటం నాకు బాధ కలిగించింది. ప్రమాదంలో కేజ్, బెల్టు రెండూ కలిస్తేనే మనిషి మిగులుతాడు.

హెల్మెట్ సంగతీ ఇలాంటిదే. ఐఎస్ఐ ముద్ర ఉన్న బైకు హెల్మెట్ రోడ్డుకు సరిపోతుంది గానీ, తల కేజ్ పైపుకు తగలడం, మంటలు రేగడం వంటివి లెక్కలోకి తీసుకుని పరీక్షించేది కార్ల రేసుల కోసం చేసే స్నెల్ ఎస్ఏ ప్రమాణపు హెల్మెట్‌ను. బండి కంటే ముందు దాన్ని కొనండి.

రిజిస్ట్రేషన్ లేని బండి కాబట్టి రోడ్డెక్కకూడదు. టాటా ఏస్‌లో వేసుకుని చేవెళ్ల వైపు ఉన్న మా బంధువుల పొలానికి తీసుకెళ్లి నడుపుతున్నాం. అది ఎర్ర చలక. నాలుగు చుట్లకే దుమ్ము లేచి ముందు ఏముందో కనిపించేది కాదు. పక్క చెరువు పూడిక మట్టి తోలించి, కలియదున్ని, ముందురోజు సాయంత్రం ట్యాంకరుతో తడిపి రోలరు తిప్పితే నేల గట్టిపడి టైరుకు పట్టు దొరికింది. ఆ తడి ఆరేకొద్దీ పట్టు సడలి వెనక చక్రాలు జారడం మొదలవుతుంది; స్టీరింగును కుడికి తిప్పి, యాక్సిలరేటరుతో బండిని ఎడమకు మలపడం అప్పుడే అలవడుతుంది. ఈ విద్య తారు ట్రాక్ మీద అద్దెకు దొరికే చిన్న కార్టు బండిలో రాదు. ఇంత మొరటు నేల మీద ఫ్రేములో ఒక్క అతుకూ వీడలేదు.

ఇంజిన్, బెల్టు, హెల్మెట్ కాక బండికి లక్షన్నరకు కొంచెం పైన అయింది. చేసిన పనికి ఇది న్యాయమైన ధర. చెప్పిన గడువు మాత్రం బాగా దాటింది, ఎందుకంటే కాలేజీ పోటీలు దగ్గరపడితే మిగతా పనులన్నీ పక్కకు పెడతారు. ఆర్డరిచ్చేవారు వేసవి సెలవుల్లో ఇవ్వడం మంచిది. సీటు కొలతకు బండి నడిపే మనిషే స్వయంగా వెళ్లి, హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాలి. తలకూ పై పైపులకూ మధ్య కనీసం ఆరు అంగుళాలు ఉండేలా, భుజం పట్టీల అడ్డపైపు ఎత్తు సరిగ్గా ఉండేలా చూసుకుని, ఆ రెండూ సుద్దతో గుర్తు పెట్టించిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి.