బొర్రెగోలోనా, ఆర్గాన్ పైప్‌లోనా: షవల్‌నోస్ పాముల కోసం

రంగురంగుల చిన్న ఎడారి పాముల్ని బయట చూడాలి, ఎక్కడికెళ్ళాలి అంటే నేనైతే ముందు కాలిఫోర్నియాలో ఆంజా బొర్రెగో డెసర్ట్ స్టేట్ పార్కే చెప్తాను. షవల్‌నోస్ పాము (అంటే పార లాంటి ముక్కున్నది) అక్కడి ఇసుక నేలల్లో ఉంటుంది, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మంచి సీజన్. పగలు వెతికితే ఏమీ కనపడదు, చీకటి పడ్డాక ఎండకి కాగిన ఇసుక కాస్త చల్లబడుతుంటే బయటికొస్తుంది. గాలి లేని రాత్రయితే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అది పాకిన వంకర టింకర గుర్తులు చెరిగిపోకుండా ఇసుక మీద అలాగే ఉంటాయి, టార్చ్ పక్కకి వంచి పట్టుకుంటే నీడల్లో తేలిగ్గా తెలుస్తాయి.

మేం చూసింది జానెడు కన్నా కొంచెం పొడవు, లేత పసుపు ఒంటి మీద నల్ల పట్టీలు, మధ్యమధ్యలో ఎర్ర మచ్చలు, ఎంత అందంగా ఉందో! వెలుతురు పడగానే ముక్కు కిందికి పెట్టి నీళ్ళల్లోకి మునిగినట్టు ఇసుకలోకి వెళ్ళిపోయింది. దాని ముక్కు పలకలా ఉంటుంది, కింది దవడ లోపలికి ఉంటుంది కాబట్టి నోట్లోకి ఇసుక పోదు, ముక్కు రంధ్రాలకి మూతల్లాంటివి కూడా ఉంటాయి. తినేది పురుగులు, సాలీళ్ళు, తేళ్ళు!

బొర్రెగో స్ప్రింగ్స్ ఊళ్ళో మోటెళ్ళు ఉన్నాయి, మాకు దొరికినదాంట్లో ఏసీ రాత్రంతా రొద, ఆ ఎండల్లో ఏసీ లేకపోతే మాత్రం కుదరదు కాబట్టి బుక్ చేసేముందు రివ్యూల్లో అదొక్కటీ చూసుకోండి. పార్కులో చాలాచోట్ల డబ్బు కట్టకుండానే టెంట్ వేసుకోవచ్చు, కానీ నీళ్ళు మనమే తీసుకెళ్ళాలి.

ఆరిజోనాలో ఆర్గాన్ పైప్ కాక్టస్ నేషనల్ మాన్యుమెంట్ (ఇదీ ఎడారి పార్కే) కష్టం, కానీ నాకు ఎక్కువ నచ్చింది అదే. సొనోరన్ షవల్‌నోస్ అనే ఇంకో రకం అమెరికాలో ఆ చుట్టుపక్కల మాత్రమే ఉంటుంది, ఎరుపు ఇంకా చిక్కగా ఉంటుంది. ట్విన్ పీక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో 208 సైట్లు, తాగే నీళ్ళున్నాయి, కరెంటు కనెక్షన్ లేదు. అజో ఊరు 30 మైళ్ళ పైనే, పెట్రోలు, తిండి ముందే చూసుకోవాలి. 85 నంబర్ హైవే మెక్సికో బోర్డర్ దాకా వెళ్తుంది, రాత్రి ఆ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళండి, ఈ చిన్న ప్రాణాలు టైర్ల కింద పడి చచ్చిపోతుంటాయి, చూస్తే చాలా బాధేస్తుంది.

ఒక్క జాగ్రత్త, అదే ఆరిజోనాలో విషమున్న కోరల్ స్నేక్ కూడా ఉంది. దానికి మూతి నల్లగా ఉంటుంది, పట్టీలు పొట్ట చుట్టూ పూర్తిగా తిరుగుతాయి. షవల్‌నోస్‌కి మూతి లేత రంగు, ఎరుపు వీపు మీదే ఎక్కువ. చీకట్లో ఈ తేడా చూస్తూ కూర్చోవడం కన్నా దేన్నీ ముట్టుకోకపోవడమే మేలు, ఎలాగూ రెండు పార్కుల్లోనూ పట్టుకోవడం నిషేధం. సైడ్‌వైండర్ రాటిల్‌స్నేక్‌లు (ఇవీ విషప్పాములే) కూడా తిరిగే ఇసుక అది, కాబట్టి చెప్పులతో వెళ్ళొద్దు, బూట్లు వేసుకోండి, స్పేర్ టార్చ్ ఒకటి జేబులో ఉంచుకోండి.