బండలాగుడు పోటీలకు బాడుగ బండి: ఎండాకాలం తిరిగొచ్చినాక నా రివ్యూ

కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర ఒక ట్రావెల్స్ ఉంది. ట్రావెల్స్ అంటే పెద్ద ఆఫీసేం కాదు, జిరాక్స్ షాపు పక్కన ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు దేవుడి క్యాలెండరు, అంతే. పేరు రాయను. ఆయన దగ్గర ఉన్నవే రెండు బండ్లు, పేరు రాస్తే వచ్చే వేసవికి మాకే దొరకవు. ఈ ఎండాకాలం అందులో ఏడు సీట్ల డీజిల్ బండిని డ్రైవర్‌తో సహా బాడుగకు తీసుకుని, స్నేహితులం కలిసి కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎద్దుల జతలు పెద్ద రాతి బండను లాగే బండలాగుడు పోటీలు ఎక్కడ జరిగితే అక్కడికి పోయాం. ఇలాంటి తిరుగుడుకు ఏ బండి మంచిది, ఏ లెక్కన మాట్లాడుకోవాలి అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పేకంటే రాసేస్తే ఒక పని అయిపోతుంది.

ఆలోచన డల్లాస్ నుంచి సెలవుకు వచ్చిన మావాడిది. వాడక్కడ ఎండాకాలం వస్తే స్నేహితులతో కార్లో మైనర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్‌లకు తిరుగుతుంటాడు. టీవీలో వచ్చే పెద్ద లీగ్ కాదు, దాని కింద సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని మెట్లు ఉంటాయి, ఒక్కో పెద్ద జట్టు కింద నాలుగు చొప్పున మొత్తం 120 జట్లు. వాళ్ళ ఇంటి దగ్గర ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ అని ఉంది, పెద్ద లీగ్‌లో ఆడే టెక్సస్ రేంజర్స్‌కు డబుల్ ఎ జట్టు, ఆ స్టేడియం లోపలే నీళ్ళ కాలువ లాంటిది కట్టి పెట్టారు, ట్యూబ్ మీద తేలుతూ మ్యాచ్ చూడొచ్చట. అక్కడి నుంచి రౌండ్‌రాక్, ఇంకా కిందికి పోతే సముద్రం ఒడ్డున కార్పస్ క్రిస్టీ. "పెద్ద పెద్ద స్టార్లు ఉండర్రా, కానీ ఆడేవాడు చెమట తుడుచుకునేది కూడా కనపడుతుంది, అదే మజా" అన్నాడు. ఆ మజా కోసం సముద్రాలు దాటాలా అని మాలో ఉన్న లెక్కల మాస్టరు బండలాగుడు మాటెత్తాడు. అక్కడ మొదలైంది.

ఇక అసలు విషయం, లెక్క. ట్రావెల్స్ వాళ్ళెవరైనా ముందు చెప్పేది కిలోమీటరు రేటు. మాకు చెప్పింది కిలోమీటరుకు 16 రూపాయలు, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా 500, టోల్, పార్కింగ్ మనవే. మీటరు వాళ్ళ షెడ్డు దగ్గర మొదలై మళ్ళీ షెడ్డు దగ్గరే ఆగుతుంది, మన ఇంటి దగ్గర కాదు, ఇది చాలామంది అడగరు, చివర్లో కొట్లాడతారు. తిరుపతికి పోయేవాడికి ఈ లెక్క బాగానే ఉంటుంది. బండలాగుడుకు పోయేవాడికి మాత్రం పెద్ద బొక్క. ఎందుకంటే మనం పొద్దున ఒక ఊరికి పోయి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, రాత్రికి పక్క టౌన్‌లో లాడ్జి చూసుకుంటాం, తిరిగేది రోజుకు 70 కిలోమీటర్లు కూడా ఉండదు, డబ్బులు మాత్రం 300కి కట్టాలి. అంటే 4,800, బత్తాతో 5,300. మాస్టరు అక్కడే పెన్ను తీసి వేరే లెక్క వేశాడు. రోజు బాడుగ 2,500, డీజిల్ మనదే, బత్తా 500. బండి లీటరుకు 12 ఇస్తుందనుకుంటే 70 కిలోమీటర్లకు డీజిల్ ఆరు వందలు, మొత్తం కలిపి 3,600. యజమాని కాసేపు గోడ వైపు చూసి, టీ తెప్పించి, ఒప్పుకున్నాడు. దూరం ఎక్కువగా ఉన్న రోజు రెండు లెక్కలూ దగ్గర దగ్గరే వస్తాయి కాబట్టి మనకు పోయేదేం లేదు. మీరు కూడా అడగండి, అడిగితే ఇస్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

సెల్ఫ్ డ్రైవ్ తీసుకోవచ్చు కదా అంటారు. ఇంతకుముందు ఒక వేసవిలో తీసుకున్నాం, నల్ల బోర్డు మీద పసుపు అంకెల బండి, ఎక్కడి నుంచి అనేది వద్దులెండి. డిపాజిట్, బండి చుట్టూ ఫోటోలు, కిలోమీటర్ల పరిమితి, అంతవరకు సరే. కానీ పోటీలు జరిగేది చేలల్లో, పంట కోసేసిన నల్లరేగడి నేల, పది బండ్లు పోతే మోకాలెత్తు దుమ్ము లేస్తుంది. తిరిగిచ్చేటప్పుడు ఆ దుమ్ముకు కడిగే ఖర్చని ఒకటి, కంప చెట్టు గీరినందుకు ఇంకొకటి కోసుకున్నారు. పైగా మాలో ఎవడో ఒకడు ఎండకు సోలిపోయి కూడా స్టీరింగ్ పట్టుకోవాల్సిందే. ఇక తెల్ల బోర్డు బండి తక్కువకు ఇప్పిస్తామనేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు, ఆ జోలికి పోవద్దు. అది సొంత వాడకానికి రిజిస్టర్ అయిన బండి, బాడుగకు తిప్పకూడదు, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు.

ఈ ట్రావెల్స్‌కు మార్కులు పడేది బండికి కాదు, డ్రైవరన్నకు. యాభై దాటిన మనిషి, బక్కగా ఉంటాడు, మాట తక్కువ. మేము అనంతపురం పోతూ డోన్ దాటినాక "యా ఊర్లో ఉన్నాయి పోటీలు?" అని అడిగితే వాట్సాప్‌లో నాలుగు పోస్టర్లు తీసి చూపించాడు, ఒక్కోదాంట్లో వృషభరాజముల బండలాగుడు పోటీలు అని పెద్ద అక్షరాలు, కింద మొదటి బహుమతి నుంచి చివరి బహుమతి దాకా దాతల పేర్లు, ఫోటోలు. ఉగాది నుంచి మొదలుపెట్టి శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ళ, జాతర, ఇట్లా ఎండాకాలం అంతా ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటాయి, తేదీలు ఒక వెబ్‌సైట్‌లో వెతికితే దొరికేవి కావు, ఇలాంటి మనిషి దగ్గరే దొరుకుతాయి. ఆయనే చెప్పాడు, "ఈడికి పోతే పాలపళ్ళే సూడాల న్నా, రేపు తాడిపత్రి పక్కన సీనియర్లు ఉండాయి, అది ఇడిసిపెట్టొద్దు" అని. ఇలాంటి సలహా ఏ యాప్ ఇస్తుంది?

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఎద్దులకు వయసు సర్టిఫికెట్ పళ్ళే. ఇంకా పాలపళ్ళు ఊడనివి ఒక విభాగం, రెండేళ్ళు దాటాక ముందు రెండు పెద్ద పళ్ళు వస్తాయి కాబట్టి రెండు పళ్ళ విభాగం, తర్వాత నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. ఊరి రైతులు సేద్యానికి వాడే ఎద్దులకు వేరే సేద్యపు విభాగం పెడతారు. పోటీకి ముందు కమిటీవాళ్ళు నోరు తెరిచి చూస్తారు, అక్కడ జరిగే వాదులాట చూడ్డానికే సగం జనం ముందుగా వస్తారు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది, సీనియర్లకైతే టన్ను దాటిన రాతి దూలం. ఇచ్చిన నిమిషాల్లో ఎవరి జత ఎన్ని అడుగులు లాగితే వాళ్ళది బహుమతి. అంతే ఆట. వినడానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది.

తాడిపత్రి దగ్గర ఊర్లో మేము తాడు పక్కనే నిలబడ్డాం. ఒంగోలు జాతి జత ఒకటి వచ్చింది, తెల్లటి ఒళ్ళు, మూపురం మీద పసుపు కుంకుమ, కొమ్ములకు రంగు. కాడి వేసేటప్పుడు ఎడమవైపుది వెనక్కి వెనక్కి జరుగుతోంది, తోలే కుర్రాడు దాని గంగడోలు కింద అరచేయి పెట్టి ఏదో చెప్తూనే ఉన్నాడు, గొలుసు తగిలించే దాకా ఆ చేయి తీయలేదు. విజిల్ పడగానే బండ కదల్లేదు. రెండు ఎద్దులూ ముందరి మోకాళ్ళు నేలకు ఆనేంత వంగాయి, గిట్టలు రేగట్లోకి దిగిపోయాయి, ఒక్కసారి పెళ్ళున గొలుసు బిగిసింది, అప్పుడు కదిలింది చూడండి, మాస్టరు నా భుజం మీద గుద్దిన గుద్దు రెండ్రోజులు నొప్పెట్టింది. మైకులో కామెంటరీ చెప్పే ఆయన ఊపిరి తీసుకోడు, అడుగులు, మిగిలిన నిమిషాలు, ఎద్దుల యజమాని ఊరు, వాళ్ళ తాత పేరు, మధ్యలో ఐదు వందలు చదివించినవాళ్ళ పేర్లు, అన్నీ ఒకే ధాటిలో. మా డల్లాస్ వాడు నోరెళ్ళబెట్టి నిలబడ్డాడు, ఫోన్ తీయడం కూడా మర్చిపోయాడు.

ఒకటి మాత్రం నాకు నచ్చదు. కర్రతో కొట్టొద్దు, తోక మెలిపెట్టొద్దు అని మైకులో చెప్తూనే ఉంటారు, చివరి నిమిషంలో పది అడుగులు తక్కువైనప్పుడు కొందరు వినరు. కమిటీ గట్టిగా ఉన్న ఊర్లో అలాంటి జతను పక్కన పెట్టేశారు, గట్టిగా లేని ఊర్లో చూసీచూడనట్టు వదిలేశారు. డ్రైవరన్న రెండో రకం ఊర్లో బండి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు, మమ్మల్ని కూడా త్వరగా రమ్మన్నాడు.

తిండి విషయంలో కూడా ఆయన మాట వినడం మంచిది. హైవే మీద లైట్లు వెలిగే పెద్ద హోటళ్ళ దగ్గర ఆపమంటే మొహం మాడ్చుకుంటాడు. గుత్తి దాటకముందే ఒక రేకుల కొట్టు దగ్గర ఆపాడు, అక్కడ ఉగ్గాని. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన నూనెలోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జి. బొరుగులు ముద్ద కాకుండా, గట్టిగా ఉండకుండా సరిగ్గా ఆ మధ్యలో ఉండాలి, అక్కడ అట్లే ఉంది. కడపలో కారం దోసె గురించి కొత్తగా చెప్పేదేం లేదు, ఎర్రకారం నోరు మండిస్తుంది, మళ్ళీ ఇంకోటి చెప్తాం. మధ్యాహ్నం ఎండకు ప్రతి తిరునాళ్ళలో నన్నారి షర్బత్ బండి ఉంటుంది, నిమ్మకాయ పిండించుకుని తాగండి, రంగు నీళ్ళ కూల్‌డ్రింకులు వద్దు. నంద్యాల మీదుగా తిరిగొచ్చేటప్పుడు బనగానపల్లె మామిడికాయలు డిక్కీ నిండా వేయించాడు, బేరం కూడా తనే ఆడాడు, కమిషన్ ఉందేమో అని మాకు అనుమానం వచ్చింది కానీ కాయ బాగుంది కాబట్టి అడగలేదు.

ఇప్పుడు బండి గురించి. ముందు సీట్లకు ఏసీ బాగా తగులుతుంది, మధ్య సీట్లకు పర్వాలేదు, వెనక సీట్లో కూర్చున్నవాడికి గాలి వస్తుందని మీరు చెప్తే నమ్మాలి. మేలో నంద్యాల వైపు 44 డిగ్రీలు మామూలే, అలాంటప్పుడు వెనక సీటు శిక్ష, మేము వంతులు వేసుకున్నాం. ఆపి ఉన్న బండిలో ఏసీ వేయమంటే డ్రైవరన్న వేయడు, ఇంజన్ పాడవుతుందంటాడు, డీజిల్ మాదే అయినా వేయడు. దానికి బదులు ఊర్లోకి పోగానే ముందు చింతచెట్టు వెతుకుతాడు. నీళ్ళ క్యాన్‌కు తడి గోనెపట్ట చుట్టి నీడలో పెడతాడు, సాయంత్రం దాకా నీళ్ళు చల్లగా ఉంటాయి. సీటు కవర్లు పాతవే కానీ ఉతికినవి. స్టెప్నీ టైరు అరిగిపోయింది, బయల్దేరేముందు మీరే చూసుకుని మార్పించమని అడగండి.

టోల్ దగ్గర ఒక గొడవ జరిగింది, అది యజమాని తప్పు. పోయేటప్పుడు అమకతాడు టోల్‌ప్లాజా దగ్గర ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ లేదు. ట్యాగ్ పనిచేయకుండా క్యాష్ కడితే రెట్టింపు అన్నారు. వెనక బండ్ల హారన్లు, ముందు డ్రైవరన్న ఫోన్ కొడుతుంటే యజమాని ఎత్తడు. చివరికి మేమే కట్టాం. బిల్లు రోజు ఆ రెట్టింపు మొత్తం మా లెక్కలోనే వేశాడు, మాస్టరు ఊరుకుంటాడా, అదనపు సగం తీయించేదాకా కుర్చీలోంచి లేవలేదు. మిగతా బిల్లు కాగితం మీద రాసిచ్చింది సరిగ్గానే ఉంది, డీజిల్ బంకు రసీదులు అన్నీ డ్రైవరన్న రబ్బరు బ్యాండు వేసి దాచి ఇచ్చాడు.

రాత్రి పదకొండు తర్వాత ఈయన బండి నడపడు, ముందే చెప్తాడు. పోటీలు ఫ్లడ్‌లైట్లలో ఆలస్యంగా ముగిసిన రోజు అర్ధరాత్రి కర్నూలు చేరదాం అంటే కుదరదు, తాడిపత్రిలోనో ప్రొద్దుటూరులోనో లాడ్జి తీసుకోవాల్సిందే, ఆయనకు కూడా ఒక మంచం చూడాలి. మాకు అది నచ్చింది. పొద్దున్నే ఆఫీసు ఉన్నవాళ్ళకు నచ్చదు, వాళ్ళు వేరే బండి చూసుకోవడం మేలు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో పోయేవాళ్ళకు కూడా ఈ బండి చెప్పను, వెనక సీటు సంగతి పైన రాశాను కదా, డబ్బు కాస్త ఎక్కువైనా వెనక కూడా ఏసీ ఉన్న కొత్త బండి తీసుకోండి. మాలాంటి ఎండకు అలవాటైన గుంపుకైతే ఐదుకు నాలుగు ఇస్తాను. ఉగాదికి ముందే వెళ్ళి తేదీలు రాయించుకోండి, అడ్వాన్స్ వెయ్యి చాలు, ఆ బల్ల దగ్గర ఫాస్టాగ్ బ్యాలెన్స్ ఫోన్లో చూపించమని అడిగి, చూశాకే ఇవ్వండి.