ట్విన్ లెన్స్ కెమెరాతో నాలుగు రోజులు: ఫోకస్ తప్పు పట్టించిన బసలు, పనివారు

పాత ట్విన్ లెన్స్ కెమెరా ఒకటి కొన్నాక దానితో తీసిన మొదటి రెండు రోల్స్‌లోనూ మనుషుల కళ్లు మెత్తగా, చెవులూ వాటి వెనుక జుట్టూ మాత్రం పదునుగా వచ్చాయి. చెయ్యి కదిలి ఉంటే బొమ్మ అంతా ఒకే దిశలో చెదిరిపోయేది. ఇక్కడ పదును ఉంది, కానీ నేను ఫోకస్ చేసిన చోట లేదు. అందుకే ముందే అనుకున్న నాలుగు రోజుల ప్రయాణాన్ని ఈ తప్పు వెతకడానికే వాడుకోవాలని నిశ్చయించుకుని, బసలనూ దారిలోని పనివారినీ ఆ దృష్టితోనే ఎంచుకున్నాను.

1929లో వచ్చిన మొదటి రోలైఫ్లెక్స్ నుంచి ఈ తరహా కెమెరాల సూత్రం ఒక్కటే. పై లెన్స్ బింబం లోపలి అద్దం మీదుగా, మనం చూసి ఫోకస్ చేసే గరుకు తెరకు చేరుతుంది, కింది లెన్స్ బింబం నేరుగా ఫిల్మ్ మీద పడుతుంది, రెండు లెన్సులూ ఒకే పలకకు బిగించి ఉండి కలిసి కదులుతాయి. పై దారి పొడవూ కింది దారి పొడవూ సమానంగా ఉన్నంతవరకే కంటికి కనిపించిన పదును ఫిల్మ్‌కు దక్కుతుంది. నా కెమెరాలో ఫోటో తీసే లెన్స్ 80 మి.మీ., ఎఫ్/3.5 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె). అలాంటి లెన్స్‌తో ఒకటిన్నర మీటర్ల దూరంలో పదునుగా వచ్చే లోతు సుమారు 12 సెంటీమీటర్లే కాబట్టి ఏ చిన్న తేడా వచ్చినా ముఖం మీద బయటపడుతుంది.

మొదటి రాత్రి సరస్సు ఒడ్డున బస చేశాను. చోటు అందమైనదే, గదులు శుభ్రమైనవే, కానీ ఈ పనికి మాత్రం అది అక్కరకు రాలేదు. ఉదయమంతా మంచు కమ్ముకుని దూరాన స్పష్టమైన అంచు ఒక్కటీ దొరకలేదు. వరండా చెక్కలు ఎవరు నడిచినా కదులుతుండడంతో ట్రైపాడ్ నిలవలేదు. అక్కడ తీసిన రోల్‌ను పక్క ఊరి ల్యాబ్‌లో ఇస్తే అదే రోజు కడిగి, స్కాన్లు మాత్రమే పంపారు. ఫిల్మ్ వంకర తిరిగి ఉంటే స్కానర్‌లోనూ పదును పోతుంది గనుక నెగటివ్‌లు అడిగి తీసుకుని భూతద్దం కింద చూశాను. లోపం స్కాన్‌ది కాదని అప్పుడే రూఢి అయింది.

అదే ఊళ్లోని ఒక మరమ్మతు దుకాణంలో కెమెరా చూపించాను. వారు గోడ మీది క్యాలెండర్‌ను తెరలో చూసి, ఫోకస్ తిప్పే నాబ్ మీది దూరపు అంకెలతో పోల్చి, రెండూ దాదాపు సరిపోయాయి కాబట్టి లోపమేమీ లేదన్నారు. మర్యాదగానే మాట్లాడారు, కానీ ఆ పరీక్షలో ఫిల్మ్ ఉండే చోటును ఎవరూ చూడనేలేదు. తెరను కొలతతో పోల్చినంత మాత్రాన కింది లెన్స్ సంగతి తెలియదు.

రెండో బస కొండ మీది అతిథిగృహం. గది ఇరుకైనదే అయినా కిటికీకి ఎదురుగా, లోయకు అవతల కొన్ని కిలోమీటర్ల దూరంలో ఒక విద్యుత్ టవర్ ఉంది. ఉదయం గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు దాని ఇనుప కమ్మీలు గీతలు గీసినట్టు కనిపించేవి. మధ్యాహ్నమయ్యే సరికి ఎండ వేడికి అవే అలల్లా కదిలేవి కాబట్టి పరీక్ష పొద్దున్నే ముగించాలి. వెనుక మూత తెరిచి, షటర్‌ను, నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే ‘బి’లో పెట్టి కేబుల్‌తో బిగించి, ఫిల్మ్ ఆనుకునే లోపలి పట్టాల మీద గరుకు గాజుముక్కను, గరుకు వైపు లెన్స్‌కు ఎదురుగా ఉండేలా, పెట్టాను. మొదట తెచ్చుకున్న ముక్క వెడల్పై బయటి పట్టాల మీద కూర్చోవడంతో కొలత తప్పింది, సన్నగా కోసిన మరో ముక్కతో కుదిరింది. నాబ్‌ను అనంతం గుర్తు దగ్గర నిలిపితే గాజు మీద టవర్ పదునుగా ఉంది, పై తెరలో మాత్రం టవర్ మసకగానూ 30 మీటర్ల దూరంలోని కంచె పదునుగానూ ఉన్నాయి. లెక్క వేసి చూస్తే అది పై దారి 0.2 మి.మీ. పొడవెక్కువ కావడంతో సమానం.

మూడో రోజు దిగిన మామూలు హోటల్లో చూడదగ్గదేమీ లేదు. అయినా ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ సాయపడింది అదే. సిమెంటు నేల, పొడవైన నడవా, దీపాలు నిలకడైనవి. నడవాను గంటసేపు వాడుకుంటానంటే సిబ్బంది అడ్డుచెప్పలేదు. ఒకటిన్నర మీటర్ల దూరంలో మూడు సెంటీమీటర్లకొకటి చొప్పున ఐదు బ్యాటరీలను ఏటవాలుగా నిలబెట్టి, మూడో దాని మీద ఫోకస్ చేసి తీశాను. ఫిల్మ్ మీద ఐదోది పదునుగా వచ్చింది, అంటే ఆరు సెంటీమీటర్లు వెనక. టవర్ చెప్పిన 0.2 మి.మీ. తేడా ఇంత దగ్గరలో చూపించేదీ అంతే.

నాలుగో రోజు కలిసిన రెండో మరమ్మతుదారు కెమెరా ముట్టుకోకముందే నెగటివ్‌లు అడిగారు. పలక వంగి ఉంటుందేమోనని గాజు మీద నాలుగు మూలలూ చూసి, ఆ అనుమానం తీర్చుకున్నాక పై లెన్స్ మర దగ్గర పగిలిన లక్కను చూపించారు. ఎవరో శుభ్రం చేయడానికి విప్పి, మళ్లీ చివరిదాకా బిగించలేదు. అనంత దూరంలో ఉన్నట్టు కనిపించే గుర్తును చూపే కాలిమేటర్ అనే పరికరం ముందు పెట్టి లెన్స్‌ను కొద్దిగా లోపలికి తిప్పి, రెండు బింబాలూ కలిశాక కొత్త లక్కతో మూశారు. చేసిన ప్రతి పనీ కాగితం మీద రాసి ఇచ్చారు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ హోటల్లోనే దిగి, అదే నడవాలో ఐదు బ్యాటరీలను అలాగే నిలబెట్టాను. కడిగి వచ్చిన నెగటివ్‌లో మూడో బ్యాటరీ మీది అక్షరాలు భూతద్దం కింద ఒక్కొక్కటీ విడివిడిగా చదవగలిగాను.